అవ్వ బొటనవేలి చక్రం

మా అవ్వకు అక్షరాలు రావు. ఆమె చేత్తో కాగితం మీద మిగిలినది ఒక్కటే: చిత్తూరులో రిజిస్టరైన ఒక పాత దస్తావేజు చివర, ఆమె పేరు పక్కన, ఎడమచేతి బొటనవేలి ముద్ర. నల్లసిరా ఇప్పుడు కొంచెం గోధుమరంగుకు తిరిగింది గాని గీతలు చెక్కుచెదరలేదు. భూతద్దం పెట్టి చూస్తే నడుమ సుడి తిరిగిన చక్రం, ఆ చక్రాన్ని ఏటవాలుగా కోస్తూ ఒక సన్నని తెల్లగీత కనిపిస్తాయి. చెరుకు కొట్టేటప్పుడు కొడవలి తెగిన గాయం మానిన చోట సిరా అంటలేదు. ఆ అంటని చోటే ఆ తెల్లగీత.

మా నాన్న దస్తావేజు లేఖరి. రిజిస్ట్రారు ఆఫీసు బయట చింతచెట్టు కింద చిన్న చెక్కపెట్టె ముందర కూర్చుని ముప్పై ఏళ్ళకు పైగా క్రయపత్రాలూ, భాగపత్రాలూ రాశాడు. వేలిముద్ర వేయించడంలో ఆయనకు గొప్ప పట్టింపు ఉండేది. ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో వేలు తుడిచేవాడు. సిరా ఎక్కువైతే గీతల మధ్య సందులు పూడిపోతాయని పాత కాగితం మీద ఒకసారి అద్దించి, ఆ తర్వాతే పత్రం మీదికి తెచ్చేవాడు. "చెయ్యి వదులుగా పెట్టు పెద్దమ్మా, నువ్వు నొక్కొద్దు, నేనే దొర్లిస్తాను" అని గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మెల్లగా దొర్లించేవాడు. చదువురాని మనిషికి ఆ ముద్రే చేవ్రాలు గనుక, అది అలుక్కుపోతే ఆ మనిషి మాటే అలుక్కుపోయినట్లు అని ఆయన నమ్మకం.

తాత పోయిన కొన్నేళ్ళకు, బావి కింది కయ్యను అవ్వ తనకు అమ్మిందంటూ దూరపు బంధువు ఒకడు క్రయపత్రం తెచ్చి చూపించాడు. దాని మీద అవ్వ పేరూ, ఒక వేలిముద్రా ఉన్నాయి. ఊరి పెద్దలు కూర్చుని మా జిల్లాలో తరతరాలుగా చెప్పే మాటే చెప్పారు: ఇద్దరూ కాణిపాకం వెళ్ళి, తలస్నానం చేసి వినాయకుని ఎదుట ప్రమాణం చేయాలని. ఆ స్వామి ముందు అబద్ధం చెప్పడానికి వణికేవారిని నేను కళ్ళారా చూశాను, ఆ భయానికి విలువ లేదని ఏనాడూ అనను. అయితే ఆ రోజు ఇద్దరూ ప్రమాణానికి సిద్ధమన్నారు. ఇద్దరూ సిద్ధమన్నప్పుడు ఏం చేయాలో పెద్దలకు తోచలేదు. వ్యవహారం కోర్టుకు వెళ్ళింది. రిజిస్ట్రారు ఆఫీసులో విడిగా ఉంచే వేలిముద్రల పుస్తకాన్ని తెప్పించమని నాన్న వకీలు చేత అర్జీ పెట్టించాడు. ఆ పుస్తకంలోని ముద్రనూ, అవ్వ చేత కోర్టులో వేయించిన ముద్రనూ నిపుణుడు పోల్చి చూశాడు. పుస్తకంలో ఉన్నది శంఖం, అవ్వ బొటనవేలిలో ఉన్నది చక్రం. కొడవలి మచ్చ జాడ కూడా లేదు. అవ్వ పేరు చెప్పి వేరెవరినో తీసుకొచ్చి వేలు వేయించారని తేలింది. కయ్య మాకే దక్కింది.

అప్పటికి నాకు పన్నెండేళ్ళు. చర్మం మీది గీత కోర్టులో ఎలా సాక్ష్యమవుతుంది, దాన్ని మొదట నమ్మినవారు ఎవరు అన్న ప్రశ్న ఆనాటి నుంచి నన్ను వదల్లేదు. తిరుపతిలో ఉద్యోగం చేసిన రోజుల్లో దొరికిన పుస్తకమల్లా చదివాను. ఫోరెన్సిక్ శాస్త్రం అనగానే మనకు హత్యలూ, రక్తపు మరకలూ గుర్తుకు వస్తాయి. చదివేకొద్దీ నాకు అర్థమైనది వేరు. ఈ శాస్త్రంలో మేలైన పనిముట్లన్నీ హంతకుణ్ణి పట్టుకోవాలన్న తపనతో పుట్టినవి కావు. "ఈ మనిషి, నేనేనని చెబుతున్న ఆ మనిషేనా?" అని పత్రాల దగ్గర, పింఛన్ల దగ్గర, తల్లీబిడ్డల దగ్గర వచ్చిన మామూలు ప్రశ్నతో కొన్ని పుట్టాయి. అసలు ఆ మాటకు మూలమైన లాటిన్ పదం ఫోరం. పదిమంది కూడి తగవులు విచారించే చోటు, మన రచ్చబండ లాంటిది. రచ్చబండ ముందు నిలబెట్టదగిన శాస్త్రం అని దాని అర్థంగా నేను చెప్పుకుంటాను.

ఈ కథను చాలామంది చైనాతో మొదలుపెడతారు. సోంగ్ త్సి అనే న్యాయాధికారి 1247లో శవపరీక్షల గురించి ఒక గ్రంథం రాశాడు. అందులోని కొడవలి కథ చదివినప్పుడు నాకు అవ్వ వేలే గుర్తుకు వచ్చింది. ఒక పల్లెలో ఒక మనిషి కొడవలి గాయాలతో చచ్చి పడి ఉన్నాడు. విచారణకు వచ్చిన అధికారి ఊళ్ళోవాళ్ళ కొడవళ్ళన్నీ తెప్పించి ఎండలో వరుసగా పరిపించాడు. చూపుకు అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. కాసేపటికి ఈగలు ఒక్క కొడవలి మీదే ముసిరాయి. కడిగినా పోని నెత్తుటి వాసనను మనిషి పసిగట్టలేదు గాని ఈగ పసిగట్టింది. కొడవలి సొంతదారు నేరం ఒప్పుకున్నాడు. ఎవరి మొహం చూస్తే దొంగలా ఉన్నాడు, ఎవరు బెదిరిస్తే ఒప్పుకుంటాడు అని చూడకుండా వస్తువును ప్రశ్నించడం ఇక్కడ మొదలైందని నాకు అనిపిస్తుంది.

ఐరోపాలో ఈ ఆలోచనకు బలం విషాల వల్ల వచ్చింది. రంగూ, రుచీ పెద్దగా లేని తెల్లపాషాణాన్ని, అంటే ఆర్సెనిక్ విషాన్ని, అన్నంలోనో, కాఫీలోనో కలిపితే వాంతులూ విరేచనాలూ పట్టి మనిషి పోతాడు. కలరా అనుకుని పూడ్చేసేవారు. 1832లో ఇంగ్లండులో జాన్ బాడిల్ అనే యువకుడు తాతకు కాఫీలో పాషాణం పెట్టాడన్న కేసులో జేమ్స్ మార్ష్ అనే రసాయనవేత్త పరీక్ష చేసి విషం ఉందని తేల్చాడు. కాని జూరీ ముందుకు వచ్చేసరికి ఆ పసుపుపచ్చని అవక్షేపం చెడిపోయింది, ముద్దాయి విడుదలయ్యాడు, తర్వాత తానే చంపానని చెప్పుకున్నాడు. ఆ అవమానాన్ని మార్ష్ పనిగా మార్చుకున్నాడు. అనుమానించిన పదార్థానికి జింకునూ, ఆమ్లాన్నీ కలిపి, వచ్చిన వాయువును మండించి, ఆ మంటకు చల్లని పింగాణీ పళ్ళెం అడ్డుపెడితే, పాషాణం ఉన్నట్లయితే పళ్ళెం మీద నిగనిగలాడే నల్లని పొర కడుతుంది. ఈ పద్ధతిని 1836లో ప్రకటించాడు. ఎవరైనా కళ్ళతో చూడగలిగేది, చెడిపోకుండా కోర్టుకు తీసుకెళ్ళగలిగేది కావాలని ఆయన పట్టుబట్టాడు. అందులోనే దాని గొప్పతనం ఉంది. నాలుగేళ్ళకు, 1840లో, ఫ్రాన్సులో మరీ లఫార్జ్ అనే ఆవిడ మీద భర్తను చంపిందన్న కేసులో స్థానిక రసాయనవేత్తలు తలా ఒక మాట చెప్పారు. విషశాస్త్రానికి పితామహుడనదగిన మాత్యూ ఓర్ఫిలా పారిస్ నుంచి వచ్చి అదే పరీక్షను శ్రద్ధగా చేసి, విషం శవంలోనే ఉందనీ, శ్మశానపు మట్టి నుంచి వచ్చింది కాదనీ వివరించాడు.

ఇదంతా మనకు దూరపు సంగతి కాదు. 1849లోనే మద్రాసులో కెమికల్ ఎగ్జామినరు, అంటే విషాలను పరీక్షించే సర్కారు రసాయనవేత్త, ప్రయోగశాల ఏర్పడింది. దేశంలో అలాంటివాటిలో అదే మొదటిది. కలకత్తాకు 1853లో, ఆగ్రాకు 1864లో, బొంబాయికి 1870లో వచ్చాయి. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, 1911లో ఏర్పడింది. ఊరు మాత్రం ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణంగా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పాషాణం, ఉమ్మెత్త గింజలు, గన్నేరు అని మన పల్లెల్లో పిల్లలకు కూడా తెలిసిన విషాలే ఆ కాలపు కెమికల్ ఎగ్జామినర్లకు రోజువారీ పని.

ఇక వేలిముద్రల సంగతి. దీనికి పుట్టిల్లు బెంగాలు. 1858 జూలైలో ముర్షిదాబాదు జిల్లా జంగీపూరులో విలియం హెర్షెల్ అనే యువ ఐసీఎస్ అధికారి రోడ్డుకు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కోనాయ్ అనే గుత్తేదారుతో ఒప్పందం రాయించుకున్నాడు. రేపు ఆ సంతకం తనది కాదంటాడేమోనన్న జంకుతో, అతని అరచేతికి సిరా పూసి ఒప్పంద పత్రం వెనకవైపు అద్దించాడు. ఒక్క మాటలో చెప్పాలంటే అది శాస్త్రం కాదు, బెదిరింపు. కాని హెర్షెల్ అక్కడితో ఆగలేదు. తన వేళ్ళ ముద్రలే యాభై ఏళ్ళకు పైగా తీస్తూ, అవి వయసుతో మారవని నిరూపించాడు. 1877లో హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు చచ్చినవారి పేరున పింఛను తీసుకునేవారిని ఆపడానికి, రిజిస్టరైన పత్రాల మీద రేపు అబద్ధమాడకుండా ఉండడానికి, ఒకరికి బదులు మరొకరు జైలుకు వెళ్ళకుండా ఉండడానికి వేలిముద్రలు తీయించాడు. దేశమంతా అమలు చేద్దామని పైఅధికారికి రాస్తే పట్టించుకోలేదు. మా నాన్న చింతచెట్టు కింద చేసిన పని హుగ్లీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో మొదలైన పనే అని తెలిసిన రోజు నేను నిద్రపోలేదు.

అదే కాలంలో టోక్యో ఆసుపత్రిలో పనిచేస్తున్న స్కాట్లండు డాక్టరు హెన్రీ ఫాల్డ్స్, పాత కుండపెంకుల మీద కుమ్మరి వేళ్ళ గుర్తులు చూసి ఈ దారిలో పడ్డాడు. చర్మం మీది గీతలు గీకేసినా, కొత్త చర్మం వచ్చినప్పుడు అవే గీతలు తిరిగి వస్తాయని పరీక్షించి చూశాడు. 1880 అక్టోబరులో నేచర్ పత్రికకు ఉత్తరం రాస్తూ, నేరస్థలంలో దొరికిన ముద్రలతో దోషిని పట్టవచ్చనీ, నిర్దోషిని విడిపించవచ్చనీ చెప్పాడు. ఈ రెండో మాట ఆయన అనుభవంలోనిదే. ముద్ర సరిపోలక ఒక అమాయకుడు బయటపడ్డాడు. ఇంగ్లండులో ఫాల్డ్సుకు దక్కవలసిన పేరు దక్కలేదు. శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1892లో వెలువరించిన పుస్తకంలో ఆ గౌరవాన్ని హెర్షెల్‌కే ఎక్కువగా ఇచ్చాడు. ఇద్దరి వేలిముద్రలు ఒకేలా ఉండే అవకాశం 6,400 కోట్లలో ఒకటి అని గాల్టన్ వేసిన లెక్క మాత్రం కోర్టులకు ధైర్యమిచ్చింది. అదే ఏడాది అర్జెంటీనాలో తన ఇద్దరు పిల్లలను చంపి నేరాన్ని వేరొకరి మీదికి నెట్టిన తల్లిని, తలుపు మీది నెత్తుటి వేలిముద్ర పట్టించింది. అక్కడ ముద్రలను వర్గీకరించే పద్ధతిని కట్టినవాడు హువాన్ వుచెటిచ్.

వేలిముద్రలు తీయడం సులువే, వెతకడమే కష్టం. లక్ష మంది ముద్రల మధ్య ఒకదాన్ని ఎలా పట్టుకోవాలి? అప్పటికి పారిస్‌లో అల్ఫోన్స్ బెర్తియ్యోఁ కనిపెట్టిన పద్ధతే దిక్కు: తల పొడవు, చేతుల చాపు, పాదం, నడిమివేలు అంటూ 11 కొలతలు తీసి కార్డుల్లో దాచేవారు. కొలిచేవాడి చెయ్యి కొంచెం తప్పితే మనిషే మారిపోతాడు. కలకత్తాలో పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ కింద ఆ కొలతల పనికే చేరిన కాజీ అజీజుల్ హక్ ఖుల్నా ప్రాంతపువాడు, ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం చదివినవాడు. ఆయన చేసిన లెక్కను ఇక్కడ వివరించకుండా ఉండలేను, ఎందుకంటే అది మన ఇళ్ళలో అందరికీ తెలిసిన ఆటకు చాలా దగ్గర.

పసిబిడ్డ వేళ్ళు విప్పి ఎన్ని శంఖాలు, ఎన్ని చక్రాలు అని లెక్కపెట్టడం మా అవ్వకు అలవాటు. తిరుమల స్వామి చేతుల్లోని ఆ రెండూ బిడ్డ వేళ్ళలో ఎన్ని ఉంటే అంత అదృష్టమని ఆమె లెక్క. హక్ లెక్కలో కావలసినది చక్రం ఉందా లేదా అన్నదొక్కటే. కుడి బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా 1 నుంచి 5, ఎడమ బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా 6 నుంచి 10 అని అంకెలు వేయాలి. మొదటి రెండు వేళ్ళకు విలువ 16, తర్వాతి జతకు 8, ఆ తర్వాత 4, 2, 1. చక్రం ఉన్న వేలికే విలువ, లేనిదానికి సున్న. సరి సంఖ్య వేళ్ళ విలువలు కూడి ఒకటి కలిపితే లవం, బేసి వేళ్ళవి కూడి ఒకటి కలిపితే హారం. నా చేతుల్లో చక్రాలు కుడి బొటనవేలికీ, కుడి ఉంగరపు వేలికీ, ఎడమ బొటనవేలికీ ఉన్నాయి. సరి వేళ్ళకు 8, 4 కలిసి 12, ఒకటి కలిపితే 13. బేసి వేళ్ళలో 16కు ఒకటి కలిపితే 17. కనుక నేను 13/17. లవం 1 నుంచి 32 దాకా, హారం 1 నుంచి 32 దాకా ఉండవచ్చు గనుక మొత్తం 1,024 గూళ్ళు. కొత్త ముద్ర రాగానే గుమాస్తా ఆ లెక్క వేసి నేరుగా ఆ గూటి దగ్గరికి నడుస్తాడు. ఒక్కొక్క గూటిలో మళ్ళీ చిన్న భాగాలు చేసే పద్ధతికీ, ముద్రలను తంతి ద్వారా పంపే సంకేతాలకూ హేమచంద్ర బోస్ కృషి చేశాడు.

ఈ పద్ధతితో 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో వెలిసింది. లండను పోలీసుల కేంద్రమైన స్కాట్లండ్ యార్డులో 1901లో గాని రాలేదు. కలకత్తా బ్యూరోకు పెద్ద పరీక్ష జల్పాయ్‌గురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యతో వచ్చింది. గొంతు కోసి పెట్టె దోచుకున్నారు. పెట్టెలో ఉన్న బెంగాలీ పంచాంగం అట్ట మీద గోధుమరంగు మరకలు రెండు కనిపించాయి, ఒకటి బొటనవేలిది. అది పూర్వం ఆ ఇంట్లోనే దొంగతనం చేసి జైలుకు వెళ్ళిన కాంగాలీ చరణ్ కుడి బొటనవేలితో సరిపోయింది. 1898లో కోర్టు అతనికి దొంగతనానికి శిక్ష వేసింది, హత్యకు వేయలేదు. చంపుతుండగా చూసినవారు లేరు. ఆ వేలు ఆ పంచాంగాన్ని తాకిందని మాత్రమే ముద్ర చెబుతుంది, గొంతు కోసిందని చెప్పదు. చాలామంది దీన్ని కోర్టు పిరికితనంగా చూస్తారు. నాకు మాత్రం ఒక సాక్ష్యం ఎంత దూరం వెళ్ళగలదో అంత దూరమే నడిపించిన ఆ నిగ్రహం ఎంతో నచ్చింది. మరుసటి ఏడాది, 1899లో, వేలిముద్రల మీద నిపుణుని అభిప్రాయాన్ని సాక్ష్యంగా తీసుకునేలా మన సాక్ష్య చట్టాన్ని సవరించారు.

ఆ పద్ధతికి ప్రపంచమంతటా హెన్రీ పద్ధతి అనే పేరు స్థిరపడింది. హెన్రీ 1900లో పుస్తకం వేసి, లండను పోలీసు కమిషనరై, సర్ అయ్యాడు. హక్‌కు ఖాన్ బహదూరు బిరుదూ, ఆలస్యంగా 5,000 రూపాయలూ దక్కాయి. బోస్‌కు రాయ్ బహదూరు వచ్చింది. తన సిబ్బందిలో అందరికన్నా ఎక్కువగా ఈ పద్ధతిని పరిపూర్ణం చేసినవాడు హక్ అని 1926లో హెన్రీయే ఉత్తరంలో ఒప్పుకున్నాడు. దస్తావేజు రాసినవాడి పేరు చివర చిన్నగానైనా వేస్తారు. ఇంత పెద్ద పనికి ఆ మర్యాద కూడా జరగలేదని నాకు ఇప్పటికీ బాధ.

రక్తం గురించీ కొంచెం చెప్పాలి. జల్పాయ్‌గురి మరక పాలిచ్చి పెంచే జంతువుల రక్తమని మాత్రమే ఆనాటి పరీక్ష చెప్పగలిగింది. మనిషి రక్తమా, మేక రక్తమా అని తేల్చే పరీక్షను 1901లో జర్మనీలో పాల్ ఊలెన్‌హూట్ కనిపెట్టాడు. అదే ఏడాది కార్ల్ లాండ్‌స్టైనర్ రక్త వర్గాలను బయటపెట్టాడు. 1910లో ఎడ్మండ్ లొకార్ ఫ్రాన్సులోని లియోఁ నగరంలో న్యాయస్థానపు అటకగదులు రెండింటిలో పోలీసు ప్రయోగశాల తెరిచాడు.

డీఎన్ఏ దగ్గరికి వచ్చేసరికి కథ మళ్ళీ మొదటి ప్రశ్నకే వచ్చింది. 1984లో ఇంగ్లండులోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టిన డీఎన్ఏ ముద్రను 1985లో మొదట వాడింది హత్యకు కాదు. ఘానా నుంచి వచ్చిన ఒక పిల్లవాడు, తల్లినని చెబుతున్న ఆవిడ కొడుకేనా అని తేల్చడానికి. ఆ తర్వాత హత్య కేసులో వాడినప్పుడు కూడా మొదట అది చేసింది, నేరం ఒప్పుకున్న ఒక కుర్రవాడు నిర్దోషి అని చూపించడం. మన దేశంలో హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ ఈ విద్యను సొంతంగా అభివృద్ధి చేశాడు. అది మన కోర్టులో మొదట నిలిచింది కేరళలో ఒక బిడ్డకు తండ్రి ఎవరన్న వ్యాజ్యంలో.

ఈ మధ్య మా ఊళ్ళో రేషను దుకాణం దగ్గర నిలబడి ఉన్నప్పుడు ఒక ముసలామె వేలిని యంత్రం మూడుసార్లు కాదంది. జీవితమంతా శనక్కాయలు పెరికి, పేడ పిసికి అరిగిన వేళ్ళు అవి. చచ్చినవారి పేరున బతికినవాడు పింఛను తీసుకుంటాడని హెర్షెల్ దిగులుపడ్డాడు. బతికి ఎదుట నిలబడిన మనిషిని కాదనే రోజు వస్తుందని ఆయన ఊహించి ఉండడు. ఫాల్డ్స్ చెప్పినట్లు గీతలు లోపల ఉన్నాయి, అరిగినది పైపొరే. నేను నాన్న చేసినట్లే ఆమె వేలిని తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, "నొక్కొద్దు పెద్దమ్మా, వదులుగా పెట్టు" అన్నాను. నాలుగోసారి తీసుకుంది.

ఇంటికి వచ్చి అవ్వ దస్తావేజు మళ్ళీ తీశాను. హక్ లెక్క ప్రకారం ఆమె ఏ గూటిలో ఉండేదో తెలుసుకోవాలని చాలాకాలంగా కోరిక. కాని పది వేళ్ళలో నా దగ్గర ఉన్నది ఒక్క ఎడమ బొటనవేలే, అంటే ఆరో వేలు. దానిలో చక్రం ఉంది. ఆ వేలికి విలువ 4, అది సరి సంఖ్య. కనుక అవ్వ లవం 5కు తక్కువ కాదు.